నిత్యము ఆస్పిరిన్: ఎవరికి మేలు, ఎవరికి కీడు?

గుండెజబ్బు ఎన్నడును సోకనివారు సైతము అది రాకుండుటకై దినమున కొక చిన్న ఆస్పిరిన్ మాత్ర మ్రింగుట లోకమున చాలకాలముగా సాగుచున్న వాడుక. వయస్సు ఏబది దాటినంతనే కొందఱు వైద్యుని సలహాపైనను, మఱికొందఱు ఇరుగుపొరుగువారి మాటపైనను దీనిని మొదలుపెట్టుదురు. మాత్ర చిన్నది, వెల స్వల్పము, పేరు పాతది. కావున "దీనివలన నష్ట మేమి?" అను ధీమాయే గాని, "దీనివలన లాభ మెంత?" అను విచారము చాలమందికి కలుగలేదు.

2018లో వెలువడిన మూడు పెద్ద పరిశోధనలు ఈ రెండు ప్రశ్నలకును అంకెలతో సమాధానము చెప్పినవి. ఆరోగ్యవంతుల విషయమున ఆ సమాధానము ఆస్పిరిన్‌కు అనుకూలముగా లేదు. ఐతే ఇట్టి వార్త ప్రజలలోనికి వచ్చినపుడు రెండు పొరపాట్లు జరుగవచ్చును. అక్కఱలేనివారు పాత అలవాటునే పట్టుకొని యుండుట మొదటిది. గుండెపోటు వచ్చి బ్రతికి బయటపడినవారు "ఆస్పిరిన్ మంచిది కాదట" అని విని తమకు ప్రాణాధారమైన మాత్రను మానివేయుట రెండవది. ఈ రెండవ పొరపాటు మొదటిదానికంటె భయంకరమైనది. అందుచే ఈ పరిశోధనలు నిజముగా ఏమి నిరూపించినవి, ఏమి నిరూపింపలేదు అను విషయమును జాగ్రత్తగా పరిశీలింపవలసియున్నది.

మాత్ర చేయు పని

ఆస్పిరిన్ చరిత్ర విల్లో చెట్టు బెరడుతో ఆరంభమైనది. ఆ బెరడుపొడి చలిజ్వరములను తగ్గించుచున్నదని ఇంగ్లండునందలి ఎడ్వర్డ్ స్టోన్ అను మతాచార్యుడు 1763లో రాయల్ సొసైటీకి నివేదించెను. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ శుద్ధమైన ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లమును తయారుచేసెను. 1899నుండి అది ఆస్పిరిన్ అను పేరుతో ప్రసిద్ధికెక్కినది. కాని అది శరీరములో ఏ విధముగా పనిచేయునో 1971వఱకు తెలియలేదు. ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు పుట్టకుండ ఆస్పిరిన్ అడ్డుకొనుచున్నదని ఆ సంవత్సరమున జాన్ వేన్ నిరూపించెను. 1982లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఆయన ఒకడు.

రక్తములో ప్లేట్‌లెట్లు అను సూక్ష్మమైన ఫలకికలు కలవు. చెఱువుకట్టకు గండి పడినపుడు ఊరివారందఱు పరుగెత్తి మట్టి వేసి పూడ్చునట్లు, రక్తనాళమునకు గాయమైనచోట ఈ ఫలకికలు గుమిగూడి రంధ్రమును మూసివేయును. ఒకరి నొకరు కేకవేసి పిలుచుకొనుటకు అవి వాడు పదార్థము థ్రాంబాక్సేన్. ఆస్పిరిన్ ఈ కేకను వినబడకుండ చేయును. ఫలకికలకు కేంద్రకము లేదు గనుక, ఒకసారి చెడిన ఎంజైమును అవి మరల తయారుచేసికొనలేవు. వాటి ఆయుర్దాయ మైన ఏడెనిమిది, పది దినములును ఆ స్థితిలోనే ఉండిపోవును. కొద్ది మోతాదు, అనగా 75 లేక 100 మిల్లీగ్రాముల మాత్ర, దినమున కొకటి చాలుట కిదియే కారణము.

గుండె రక్తనాళములో క్రొవ్వు పేరుకొన్నచోట ఈ ఫలకికలు గుమిగూడినచో గుండెపోటు వచ్చును. అనగా గండి పూడ్చవలసినవారే తూమునకు అడ్డుపడినట్లు. అప్పుడు ఆస్పిరిన్ ప్రాణము నిలుపును. కాని మెదడులోనో, కడుపులోనో నిజముగా గండి పడినప్పుడు అదే ఆస్పిరిన్ పూడ్చువారిని రానీయదు. పైగా జీర్ణాశయపు లోపొరను కాపాడునవి కొన్ని ప్రోస్టాగ్లాండిన్లే గనుక వాటిని కూడ తగ్గించి ఆ పొరను బలహీనపఱచును. మందు రక్తములో కలసి ఈ పని చేయును గనుక, మాత్రపై పూత పూసినంతమాత్రమున రక్తస్రావపు భయము తొలగదు. మేలును కీడును ఒకే గుణమునుండి పుట్టినవి. దేని నుంచుకొని దేనిని విడుచుటకును వీలు లేదు. కావున ప్రశ్న యెల్లప్పుడును ఒక్కటే: మేలు ఎక్కువయా, కీడు ఎక్కువయా?

నమ్మకము పుట్టిన విధము

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు గ్లెండేల్ పట్టణమున లారెన్స్ క్రేవెన్ అను వైద్యు డుండెను. గొంతులోని టాన్సిళ్లు తీయించుకొన్నవారు నొప్పికై ఆస్పిరిన్ కలిసిన గమ్ము నమిలినచో రక్త మెక్కువగా కారుచుండుట ఆయన గమనించెను. రక్తము గడ్డకట్టుటను ఆపు ఈ మందు గుండెపోటును కూడ ఆపవలెను గదా అని ఊహించెను. ఊహ చాల చక్కనిది. తన రోగులకు ఆస్పిరిన్ ఇచ్చి, ఎనిమిదివేలమందిలో ఒక్కరికిని గుండెపోటు రాలేదని 1956లో ప్రకటించెను.

ఇచట లోప మెక్కడ? మాత్ర మ్రింగనివారితో ఆయన పోల్చి చూడలేదు. మ్రింగినవారిలో ఎందఱు ఆయనవద్దకు తిరిగి రాక పోయిరో లెక్క లేదు. 1957లో క్రేవెనే గుండెపోటుతో మరణించెను. ఆ మరణము ఆయన ఊహను ఖండింపదు, ఆయన ఎనిమిదివేల రోగులు ఆ ఊహను నిరూపింపను లేదు. పోలిక లేని అనుభవము ఎంత పెద్దదైనను సాక్ష్యము కానేరదు.

పోలికతో కూడిన పరీక్ష 1974లో వచ్చినది. వేల్సు దేశమున కార్డిఫ్‌లో పీటర్ ఎల్‌వుడ్, ఆర్చీ కోక్రేన్ మొదలగువారు గుండెపోటు వచ్చి బ్రతికిన 1,239 మంది పురుషులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు ఆస్పిరిన్, రెండవ జట్టునకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చిరి. ఆస్పిరిన్ జట్టులో మరణములు తగ్గినవి గాని, ఆ తగ్గుదల కేవలము యాదృచ్ఛికము కాదని చెప్పుటకు జట్లు చాలినంత పెద్దవి కావు. పరిశోధకులు ఆ మాటను దాచక చెప్పిరి.

ఆ కొఱత 1988లో తీరినది. పదునాఱు దేశములలో 417 ఆసుపత్రులయందు, గుండెపోటు వచ్చినదని అనుమానించిన 17,187 మందిపై ఐసిస్-2 అను పరిశోధన జరిగినది. అయిదు వారములలో ఉత్తి మాత్ర జట్టున నూటికి 11.8 మంది హృదయ, రక్తనాళ కారణములచే మరణింపగా, ఆస్పిరిన్ జట్టున మరణించినవారు 9.4 మంది. అనగా వేయిమందికి ఒక నెలపాటు ఈ చౌక మాత్ర నిచ్చినచో 24 ప్రాణములు దక్కినవి. గుండెపోటు వచ్చినవానికి ఆస్పిరిన్ అవసర మను సిద్ధాంతము ఆనాటినుండి చెక్కుచెదరలేదు.

రాశులు నేర్పిన పాఠము

ఐసిస్-2 నివేదికలో ఒక వింత విషయము కలదు. ఏ వయస్సువారికి, ఏ రకపు రోగికి మందు ఎక్కువ పనిచేసినదో విడివిడిగా లెక్కలు చూపవలెనని పత్రిక సంపాదకులు కోరిరి. అట్టి చిన్నచిన్న విభాగముల లెక్కలు మోసము చేయునని పరిశోధకులకు తెలియును. అందుచే వారు రోగుల పుట్టినతేదీలనుబట్టి పాశ్చాత్య పద్ధతిలో రాశులుగా విభజించి మఱియొక లెక్కను కూడ జతపఱచిరి. దాని ప్రకారము మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ వలన కొంచెము కీడు జరిగినట్లును, తక్కిన పది రాశులవారికి గొప్ప మేలు జరిగినట్లును తేలినది!

పంచాంగమును ఎంత గౌరవించువాడైనను తులారాశివాడగుటచే గుండెపోటు మందు పనిచేయదని ఒప్పుకొనడు. పెద్ద సమూహమును ముక్కలు చేయుచు పోయినచో ఎక్కడనో ఒకచోట విపరీత ఫలితము కనబడుట సహజము. "అందఱికిని కాకపోయినను, ఈ ఫలానివారికి మాత్రము మందు పనిచేసినది" అని వ్రాసిన ప్రతి నివేదికను చదువునపుడును ఈ రాశులను జ్ఞాపకము చేసికొనుట మంచిది.

నలుబదినాలుగు శాతము

గుండెపోటు వచ్చినవారికి మేలు చేసిన మందు, రానివారికి కూడ మేలు చేయవలెను గదా? ఈ ప్రశ్నకు సమాధానముగా అమెరికాలో 22,071 మంది పురుష వైద్యులు తమ్ము తామే పరీక్షకు ఒప్పగించుకొనిరి. సగముమంది దినము విడిచి దినము 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగముమంది ఉత్తి మాత్ర తీసికొనిరి. గుండెపోట్లు 44 శాతము తగ్గినవని 1989లో వెలువడిన తుది నివేదిక తెలిపినది.

44 శాతము అనగానే దాదాపు సగము గుండెపోట్లు తప్పినవని వినువానికి తోచును. అది అబద్ధము కాదు గాని పూర్తి సత్యమును కాదు. ఐదేండ్లలో సుమారు పదునొకండువేలమంది గల ఒక్కొక్క జట్టులో ఉత్తి మాత్ర వారిలో 239 మందికి, ఆస్పిరిన్ వారిలో 139 మందికి గుండెపోటు వచ్చినది. అనగా వేయిమందిలో 22 నుండి 13కు తగ్గినది. వేయిమంది ఐదేండ్లు మాత్ర మ్రింగగా తొమ్మిదిమంది లాభపడిరి. తక్కిన 991 మందికి గుండెపోటు విషయమున మ్రింగినను మ్రింగకున్నను ఒక్కటే. హృదయ, రక్తనాళ కారణములచే మరణించినవారు ఒక జట్టున 81, రెండవ జట్టున 83 మంది. భేదము లేదనియే చెప్పవలెను. మెదడులో రక్తస్రావము మాత్రము ఆస్పిరిన్ జట్టున 23 మందికి, రెండవ జట్టున 12 మందికి కలిగినది. ఈ సంఖ్యలు చిన్నవి గనుక గట్టిగా చెప్పుటకు వీలు లేదు గాని, అవి చూపుడువ్రేలు ఏ వైపునకు చూపుచున్నవో స్పష్టము.

1988 జనవరిలో ఈ అమెరికా పరిశోధన తొలి నివేదిక వెలువడిన వారములోనే 5,139 మంది బ్రిటిషు వైద్యులపై జరిగిన పరీక్ష ఫలితము కూడ వెలువడినది. అందులో ఆస్పిరిన్ వలన చెప్పుకొనదగిన లాభ మేమియు కనబడలేదు. అది చిన్న పరీక్ష, అందు ఉత్తి మాత్రను వాడలేదు. ఐనను ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు వచ్చినపుడు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుట శాస్త్రధర్మము. లోకము మాత్రము 44 అను అంకెను పట్టుకొన్నది.

రెండు జనములు, రెండు లెక్కలు

2009లో పరిశోధనల నన్నిటిని చేర్చి లెక్కించినవారు ఈ చిక్కును చక్కగా విడదీసిరి. అదివఱకే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో ఏడాదికి నూటికి 8.2 మందికి మరల అట్టి ఆపద రాగా, ఆస్పిరిన్ వాడినవారిలో 6.7 మందికి వచ్చినది. వేయిమందికి ఏడాదికి పదునైదుగురు లాభపడిరన్నమాట. ఏ జబ్బును లేనివారిలో 0.57 నుండి 0.51కు తగ్గినది, అనగా పదివేలమందికి ఏడాదికి ఆఱుగురు. జీర్ణాశయాదులలో పెద్ద రక్తస్రావములు ఇదే ఆరోగ్యవంతులలో పదివేలమందికి మూడు చొప్పున పెరిగినవి.

మందు ఒక్కటే, దాని గుణము ఒక్కటే. కాని మొదటి జనమునకు లాభము రెండవ జనమున కంటె ఇరువదియైదు రెట్లు. ఆపద ఎక్కువగా నున్నచోట కొద్దిపాటి తగ్గింపు కూడ అనేకుల ప్రాణములను కాపాడును. ఆపద తక్కువగా నున్నచోట అదే తగ్గింపు కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లుండును. రక్తస్రావపు భయము మాత్రము ఇరువురకును కలదు.

2018 నాటి మూడు పరిశోధనలు

మొదటిది అసెండ్. బ్రిటనులో గుండెజబ్బు లేని 15,480 మంది మధుమేహ రోగులపై సుమారు 7.4 సంవత్సరములు జరిగినది. వేయిమందిలో తీవ్రమైన హృదయ, రక్తనాళ ఆపదలు 96 నుండి 85కు తగ్గినవి. పెద్ద రక్తస్రావములు 32 నుండి 41కి పెరిగినవి. పదునొకండుమందికి మేలు, తొమ్మిదిమందికి కీడు.

రెండవది అరైవ్. ఏడు దేశములలో 12,546 మందిపై జరిగినది. గుండెజబ్బు వచ్చు అవకాశము మధ్యరకముగా గలవారిని ఎన్నుకొనవలెనని ఉద్దేశము. ఆపదలు ఆస్పిరిన్ జట్టున నూటికి 4.29, ఉత్తి మాత్ర జట్టున 4.48. భేదము లెక్కకు రాదు. జీర్ణకోశ రక్తస్రావము మాత్రము 0.46 నుండి 0.97కు, అనగా రెట్టింపునకు మించి పెరిగినది.

మూడవది ఆస్‌ప్రీ. ఆస్ట్రేలియా, అమెరికాలలో 19,114 మంది వృద్ధులపై జరిగినది. వారిలో అత్యధికులు డెబ్బది ఏండ్లు దాటినవారు. ఈ పరిశోధన అడిగిన ప్రశ్నయే మెచ్చదగినది. ఇంతమందికి గుండెపోటు వచ్చెనా అని మాత్రమే గాక, మతిమఱుపు వ్యాధి గాని, అంగవైకల్యము గాని లేక ఎంతమంది జీవించియుండిరి అని అది విచారించినది. ముదుసలికి కావలసిన దదియే గదా. సుమారు 4.7 సంవత్సరములు చూడగా ఆ విషయమున రెండు జట్లకును భేదము లేదు. పెద్ద రక్తస్రావము ఆస్పిరిన్ జట్టున నూటికి 3.8, రెండవ జట్టున 2.8.

ఈ ఫలితములను తక్కిన పరిశోధనలతో చేర్చి పరిశీలించి, 2022లో అమెరికాలోని నివారక వైద్యసేవల కార్యదళము తన పూర్వపు సలహాను మార్చుకొన్నది. గుండెజబ్బు లేనివారు అఱువది ఏండ్లు నిండిన పిమ్మట నివారణకై ఆస్పిరిన్ క్రొత్తగా మొదలుపెట్టరాదని చెప్పినది. నలుబది మొదలు 59 ఏండ్లలోపు వారిలో గుండెజబ్బు వచ్చు అవకాశ మెక్కువగా నున్నవారు మాత్రము వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెనని చెప్పినది.

ఈ పరిశోధనల లోపములు

పాత పరిశోధనలను విమర్శించిన కొలబద్దతోనే క్రొత్తవాటిని కూడ కొలువవలెను.

అరైవ్ పరిశోధనకు ధనసహాయము చేసినది ఆస్పిరిన్ తయారుచేయు బేయర్ కంపెనీయే. ఫలితము ఆ కంపెనీకి ప్రతికూలముగా వచ్చినను యథాతథముగా వెలువడుట మెచ్చదగినదే. కాని అదే నివేదికలో, చెప్పినట్లు మాత్రలు క్రమముగా వాడినవారిని మాత్రమే లెక్కించినచో గుండెపోట్లు దాదాపు సగమునకు తగ్గినవని యున్నది. ఇది నమ్మదగిన లెక్క కాదు. మాత్ర క్రమముగా వాడువాడు తిండిలో, నడకలో, నిద్రలో కూడ క్రమము పాటించువాడు కావచ్చును. 1980లో వెలువడిన మఱియొక గుండెజబ్బు మందుల పరిశోధనలో, ఉత్తి మాత్రను క్రమముగా వాడినవారిలో ఐదేండ్లలో నూటికి 15 మంది మరణింపగా, అదే ఉత్తి మాత్రను అక్రమముగా వాడినవారిలో 28 మంది మరణించిరి! ఉత్తి మాత్రలో మందే లేదు గదా. కాపాడినది మాత్ర కాదు, మనుష్యుని స్వభావము. చీట్లు వేసి సమానముగా చేసిన జట్లను తరువాత ఏఱివేసినచో, సమానత్వము చెడి, క్రేవెన్ నాటి స్థితికే తిరిగి వచ్చినట్లగును.

ఆస్‌ప్రీలో ఆస్పిరిన్ జట్టున మరణములు కొంచె మెక్కువ. వేయిమందికి ఏడాదికి 12.7, రెండవ జట్టున 11.1. అందు ముఖ్యకారణము క్యాన్సరు. "ఆస్పిరిన్ క్యాన్సరును కలిగించును" అని దీనినిబట్టి చెప్పుట తొందరపాటు. పూర్వపు పరిశోధనలలో ఇట్టిది కనబడలేదు. ఆ పరిశోధకులే దీనిని జాగ్రత్తగా గ్రహింపవలెనని వ్రాసిరి. ఆస్పిరిన్‌కు అనుకూలమైన అనుకొనని ఫలితమును ఎట్లు సందేహింతుమో, ప్రతికూలమైనదానిని కూడ అట్లే సందేహింపవలెను. చివరి ఏడాదిలో మాత్రలు సరిగా వాడుచుండినవారు ఉభయజట్లలోను మూడింట రెండు వంతులకు తక్కువే. కావున మేలుగాని కీడుగాని ఉన్నదానికంటె కొంత తగ్గి కనబడియుండవచ్చును.

అసెండ్ విషయమున అసలు చిక్కు తూకములోనే యున్నది. పదునొకండు, తొమ్మిది అను రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి "మేలును కీడును సమానము" అనుట సులభము. కాని గుండెపోటువలన చచ్చిన కండరము తిరిగి రాదు. కడుపులోని రక్తస్రావము సకాలమున చికిత్స దొరకినచో తరచు పూర్తిగా నయమగును. ఆసుపత్రి అందుబాటులో నున్న నగరవాసికి ఈ తూకము ఒక విధముగాను, రక్తము ఎక్కించు వసతికై దూరము పోవలసిన పల్లెవాసికి మఱియొక విధముగాను ఉండును. ఈ భేదము శాతములలో కనబడదు. దానిని రోగియు వైద్యుడును కలసి తూచుకొనవలసినదే.

మనకు వర్తించునా?

పై మూడింటిలో పాల్గొన్నవారు అధికముగా పాశ్చాత్యులు. ఈ కొఱతను కొంతవఱకు తీర్చినది టిప్స్-3 అను పరిశోధన. అందలి 5,713 మందిలో దాదాపు సగము భారతీయులు. 2021లో వెలువడిన దాని ఫలితము ప్రకారము, ఉత్తి మాత్ర జట్టున నూటికి 4.7 మందికి హృదయ, రక్తనాళ ఆపదలు రాగా, 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ జట్టున 4.1 మందికి వచ్చినవి. ఇది యాదృచ్ఛికము కాదని చెప్పుటకు చాలదు. రక్తపు పోటును, కొలెస్టెరాలును తగ్గించు మందులు కలిపిన మాత్రతోపాటు ఆస్పిరిన్ ఇచ్చిన జట్టున మాత్రము ఆపదలు 5.8 నుండి 4.1కు తగ్గినవి. దీనినిబట్టి, జబ్బు లేనివారి నివారణలో రక్తపు పోటు, కొలెస్టెరాలు, పొగాకు అనువాటిపై దృష్టి నిలుపుట ఆస్పిరిన్ ఒక్కదానిని నమ్ముకొనుటకంటె మేలని గ్రహింపవచ్చును.

ఆస్పిరిన్ తప్పనిసరిగా వాడవలసినవారికి కూడ రక్తస్రావపు భయమును తగ్గించు మార్గములు కలవు. కడుపులో పుండ్లు కలిగించు హెలికోబాక్టర్ పైలోరి అను సూక్ష్మజీవిని ముందుగా నిర్మూలించినచో, మొదటి రెండున్నర సంవత్సరములలో పుండ్లనుండి రక్తస్రావము తగ్గినదని 2022లో బ్రిటనునుండి వెలువడిన పరిశోధన చూపినది. ఆ తరువాత మాత్రము లాభము నిలువలేదు. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు అంగడిలో కొని ఆస్పిరిన్‌తో కలిపి వాడుట మిక్కిలి ప్రమాదము. డెంగూ జ్వరమున ఫలకికలు సహజముగనే పడిపోవును గనుక, జ్వరమునకుగాని నొప్పులకుగాని ఆస్పిరిన్ వాడరాదు. గుండెకై నిత్యము వాడుచున్నవారికి డెంగూ సోకినచో వెంటనే వైద్యునికి ఆ సంగతి తెలుపవలెను.

మానరానివారు

గుండెపోటు వచ్చినవారు, రక్తము గడ్డకట్టుటవలన పక్షవాతము వచ్చినవారు, గుండెనాళములలో స్టెంటు అమర్చబడినవారు, బైపాస్ శస్త్రచికిత్స జరిగినవారు పైన చెప్పిన ఆరోగ్యవంతుల లెక్కలోనికి రారు. 2018 పరిశోధనలలో ఏ ఒక్కటియు వారిని గూర్చి జరుగలేదు. స్వీడనులో ఆస్పిరిన్ వాడుచున్న ఆఱు లక్షలమందికి పైగా జనుల వైద్యవివరములను పరిశీలించి 2017లో వెలువరించిన నివేదికలో, మానినవారికి హృదయ, రక్తనాళ ఆపదలు 37 శాతము ఎక్కువగా వచ్చినవని కలదు. ఇది చీట్లు వేసి చేసిన పరీక్ష కాదు. మానినవారు ఇతర కారణములచే మానియుండవచ్చును. ఐనను 1988నుండి వచ్చిన బలమైన సాక్ష్యములతో ఇది పొందికగా నున్నది. కావున పంటి చికిత్సకనో, చిన్న శస్త్రచికిత్సకనో, వార్త విన్నందుననో ఇట్టివారు వైద్యునికి చెప్పక ఈ మాత్రను ఆపరాదు.

ఆస్పిరిన్ గుణము 1988కిని 2018కిని నడుమ మారలేదు. ప్రశ్నను అడుగు విధము మారినది. "మందు మంచిదా?" అని అడిగినంతకాలము సమాధానము తప్పుగనే వచ్చినది. "ఈ మందు, ఈ మనిషికి, వేయింటికి ఎందఱకు మేలు, ఎందఱకు కీడు?" అని అడిగిననాడు సమాధానము స్పష్టమైనది. వైద్యుని యెదుట కూర్చున్న ప్రతివాడును, ఆస్పిరిన్ విషయముననే గాక, జీవితాంతము వాడుమని చెప్పబడిన ఏ మాత్రను గూర్చియైనను ఈ రెండవ ప్రశ్నను అడుగవచ్చును. శాతముతో కాక, వేయింటికి ఇంతమంది యను లెక్కతో సమాధానము కోరవచ్చును.